మరాష్ కుట్టు

చేతిలో కత్తెర ఉన్నంతసేపు మా ఆయన ఇమామ్ హుస్సేన్ ఎవరినీ ఏమీ అడగడు. పెళ్ళయిన కొత్తలో అది పనిమీద శ్రద్ధ అనుకుని మురిసిపోయాను. కాపురం పాతబడ్డాక తెలిసింది, అడగడమంటే ఆయనకు నామోషీ అని. ఎనభై రెండులో అరక్సి మేడమ్ కూతురి పెళ్ళిగౌను చేతిలో పడ్డప్పుడు కూడా ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

మేడమ్‌కి షార్జాలో ఆడవాళ్ళ గౌన్లు కుట్టే దుకాణం ఉండేది. ప్రొద్దుటూరులో జాకెట్లూ లంగాలూ కుట్టుకునే మా ఆయన అక్కడ కటింగ్ మాస్టరయ్యాడు. తర్వాత నన్నూ పిలిపించుకున్నాడు. పూసలు, జరీ, కాజాలు, చేతికుట్టు పనంతా నాది.

మేడమ్ ఆర్మేనియన్. ఆ దేశం ఆమె చూడనైనా లేదు, పుట్టి పెరిగింది బీరూట్‌లో. అక్కడ యుద్ధం మొదలయ్యేసరికి భర్త లేడు. తల్లినీ కూతురినీ వెంటబెట్టుకుని దుబాయ్ వచ్చేసి, పూచీ ఉండడానికి ఒక మంచి అరబ్బీ కఫీల్ దొరికితే షార్జాలో దుకాణం తెరిచింది. ఆమె గీసిన గౌను తొడుక్కుంటే ఎంత లావుపాటి మనిషైనా ఒక సైజు తగ్గినట్టు కనబడేది. అంతా కట్‌లోనే ఉండేది. రంగులు మాత్రం తెలుపు, నలుపు, బూడిద, అంతే. ఒక పువ్వు లేదు, ఒక తీగ లేదు. నాకు చేతులు దురద పెట్టేవి.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "మేడమ్, మీ పాతకాలం బట్టలు భలే రంగుగా ఉంటాయంట కదా. ఒక్క పువ్వన్నా పెట్టరేం?"

"అవి మ్యూజియానికి, స్టేజీ మీద ఆడే పిల్లలకు," అంది మేడమ్. "బతికున్న ఆడదానికి కట్ కావాలి రహమత్. ఖలాస్."

ఆమెతో మాట అంతవరకే.

ఆ పాతకాలం బట్టలు తెలిసిన మనిషి దుకాణం పైనున్న ఇంట్లోనే ఉండేది. మేడమ్ తల్లి, నువార్త్ అవ్వ. ఆమెది తుర్కీ దేశంలో మరాష్ అనే ఊరు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే అక్కడి ఆర్మేనియన్లందరినీ తరిమేశారట. అలెప్పోలో అనాథల బడిలో పెరిగి, ఆ బడిలోనే తమ ఊరి కుట్టు నేర్చుకుంది. ఆ కుట్టులో సూది మొదట ఒకసారి గుడ్డలోకి దిగి చట్రం వేస్తుంది. ఆ తర్వాత దారం గుడ్డ జోలికే పోదు, దారంలోంచి దారం అల్లుకుంటూ పోతుంది. అవ్వ పక్కన కూర్చుని నేనూ ప్రయత్నించాను. నా దారం చిక్కుబడింది, అవ్వ నవ్వింది, నాకు కోపమొచ్చింది. అంత సులువుగా కనబడే పని నాకు రాకపోవడమేమిటి!

ఆ ఏడు మేడమ్ కూతురు సేతకు పెళ్ళి కుదిరింది. సేత దుబాయ్‌లో విమానం టికెట్ల ఆఫీసులో పనిచేసేది. పెళ్ళికొడుకు మఫ్రఖ్ అనే ఊళ్ళో ఇంజనీరు, వాళ్ళ ఆర్మేనియన్లలోవాడే. పెళ్ళి చేయడానికి కువైట్ నుంచి వాళ్ళ చర్చి ఫాదర్ వస్తాడన్నారు. గౌను మేడమే గీసింది. పాల మీగడ లాంటి పట్టు, మెడ నుంచి పాదం దాకా ఒకే జారు. మా ఆయన దాన్ని కోసిన తీరు చూసి నాకే ముచ్చటేసింది. ఆయనతో మాత్రం అనలేదు, అంటే వారం రోజులు భరించాలి.

గౌను పూర్తవుతుండగా పైఇంట్లో గొడవ మొదలైంది. వాళ్ళ భాషలో అరుచుకోవడం వల్ల మాకు గొంతులు వినబడ్డాయేగాని సంగతి తెలియలేదు. అంతా అయ్యాక సేత చెబితే తెలిసింది. అవ్వ రెండేళ్ళుగా కళ్ళు పొడుచుకుని మనవరాలి పెళ్ళికి ఏప్రన్ కుట్టింది. మన దగ్గర వంటవాళ్ళు కట్టుకునేది కాదు. వాళ్ళలో పెళ్ళయిన ఆడది నడుముకు ముందువైపు ఏప్రన్ లేకుండా గడప దాటితే సిగ్గుచేటట. పెళ్ళిరోజు దాన్ని కట్టడమే ఆ ఇంటి దీవెన. సేత కట్టుకోనంది. అంత గౌను మీద కడుపుకి అడ్డంగా గుడ్డ కడితే వంటింట్లోంచి లేచొచ్చినట్టుంటానంది. దానికి అవ్వ ఒకే మాట అందట.

"ఏప్రన్ లేని పెళ్ళి ఒకటి చూశాను. నీ తల్లిది. రెండోది చూడలేను. నేను రాను."

మేడమ్ కూడా తన పెళ్ళికి వద్దందన్నమాట. పారిస్ పత్రిక చూసి గౌను తానే కుట్టుకుని, తల్లి కుట్టినదాన్ని పక్కకు తోసేసిందట. ఇప్పుడు కూతురు అదే మాట అంటుంటే కాదనడానికి నోరు రాలేదు, తల్లి లేకుండా పెళ్ళి జరపడానికి మనసు రాలేదు. అవ్వకు ఇక్కడ ఇంకెవరున్నారు? ఆమె ఎత్తి పెంచిన పిల్ల సేత.

మేడమ్ కాగితాలు చింపి చింపి, చివరకు ఆ ఏప్రన్ గౌనులోనే కలిసిపోయేలా ఒక బొమ్మ గీసింది. కూతురికి చెప్పలేదు. మర్నాడు ఆమె కల్బా అనే ఊరెళ్ళి ఒక అరబ్బీ ఇంటి పెళ్ళివాళ్ళకు గౌన్లు సరిచూడాలి. కారు హారన్ కొడుతోంది. హడావుడిగా మా బల్ల దగ్గరకొచ్చి ఒక మూట విప్పింది. పొడుగాటి ముదురెర్ర గుడ్డ, దాని నిండా అవ్వ కుట్టు. నీలం, బంగారు రంగు దారాల్లో అల్లికలు. నేను చేతిలో పని వదిలేసి దాన్ని వెనక్కి తిప్పి కూడా చూశాను. ఎర్రదారాలతో పేనిన సన్నటి తాడొకటి విడిగా ఉంది.

"మాస్టర్, ఈ ఎర్రది ముందువైపు రావాలి. నడుము దగ్గర తాడు. ఎల్లుండి వస్తాను. అర్థమైందా?"

"అయింది మేడమ్," అన్నాడు మా ఆయన. ఆమె వెళ్ళిపోయింది.

బొమ్మ పక్కనుంచి గీసింది. తెల్ల గౌను మీద ఎర్ర గీత ఒకటి కనబడుతోంది, అంతే. మా ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎర్రగుడ్డ తీసి తూచినట్టు చేతిమీద వేసుకున్నాడు.

"ఏమ్మే రహమతూ, పెండ్లికూతురికి మంచి పైటే పంపిచ్చినారు," అన్నాడు.

"మేడమ్‌ని అడిగింటే బాగుండు గదా," అన్నాను.

"అడిగేదానికి ఏముందే దీంట్లో? ముందరికి రావాల, నడుము కాడ దోపాల. ఇన్ని ఓణీలు కుట్టినోనికి చెప్పాల్నా?"

నిజం చెప్పాలంటే నాకూ అది పైటలాగే కనబడింది. అంత ఖరీదైన గౌను, ఎదమీద ఏ కప్పూ లేకుండా బోసిగా ఉందని మొదటి రోజు నుంచీ నా మనసులో ఉంది. హమ్మయ్య, వీళ్ళకూ బుద్ధి వచ్చిందనుకున్నాను. ఆయన ఎడమ భుజం మీద కుచ్చిళ్ళు పెట్టి, ఎదమీదుగా ఏటవాలుగా దించి, కుడివైపు నడుము దగ్గర తాడుకు చోటు వదిలాడు. నేను కుచ్చిళ్ళు కనబడని కుట్టుతో బిగించాను. దుకాణంలో గౌన్లు తొడిగే చెక్కబొమ్మకు తొడిగి ఇద్దరం వెనక్కి జరిగి చూసుకున్నాం. ఆ రోజు చాయ్ ఆయనే పెట్టాడు.

మేడమ్ కల్బా నుంచి వచ్చి చూసి, సంచీ కింద పడేసింది.

"ఏంటిది? మాస్టర్! ఇది ఏప్రన్! నడుముకి! భుజం మీద పెట్టావేంటి? మా అమ్మ చూస్తే చచ్చిపోతుంది!"

మా ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. ఏప్రన్ సంగతి మాకు తెలిసింది అప్పుడే. "విప్పేస్తా మేడమ్, ఇప్పుడే విప్పేస్తా," అని కత్తెర తీశాడు. మేడమ్ అరబ్బీలో, ఆర్మేనియన్‌లో, మా హిందీలో వరసగా తిట్టింది. తిడుతూనే బొమ్మ చుట్టూ తిరిగింది. తిరిగే కొద్దీ తిట్లు నెమ్మదించాయి. ఒకచోట ఆగి కళ్ళు చిన్నవి చేసి చూసింది, గౌను జారు చెడలేదని ఆమెకూ కనబడుతూనే ఉంది. అయినా "విప్పు" అంది.

అప్పుడే ఆఫీసు నుంచి సేత వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా బొమ్మ మీద నుంచి గౌను ఊడదీసి లోపలికి తీసుకెళ్ళి తొడుక్కుని వచ్చింది. అద్దం ముందు నిలబడింది. వేళ్ళతో ఆ కుట్టు తడిమాక దాన్ని గుర్తుపట్టింది.

"ఇది అవ్వదా?"

మేడమ్ తలూపింది.

"నేను తీయను," అంది సేత. "ఎవరు తీస్తారో చూస్తాను." పిల్ల మొండిదే, కానీ అంత మంచి మొండితనం నేనెక్కడా చూడలేదు.

ఇక అవ్వకు చూపించాలి. సేత ఆమెను చేయిపట్టి కిందకు దింపింది. మా ఆయన ఇస్త్రీ బల్ల వెనక్కి తప్పుకున్నాడు. అవ్వ కుర్చీలో కూర్చుని మనవరాలి వైపు చూసింది. ఆమె అడిగినవీ చెప్పినవీ సేత మాకు హిందీలో చెప్పింది.

"భుజం మీద ఎవరు పెట్టారు?"

"నేనే అమ్మా," అన్నాడు మా ఆయన, బల్ల వెనకనుంచే. "మా తట్టు ఆడోళ్ళు ఇట్లే వేసుకుంటారు. తప్పయిపోయింది." నన్ను చూపించాడు, కష్టం వస్తే నేనే కదా గుర్తొచ్చేది.

అవ్వ నన్ను దగ్గరకు రమ్మంది. నా చీర పైట పట్టుకుని చూసింది. కొంగున కట్టుకున్న బీరువా తాళంచెవి చేతికి తగిలితే ఇదేమిటంది. మా పెద్దోళ్ళ ఎదుట తలమీద ఇదే కప్పుకుంటాం, పిల్లల ముక్కు దీంతోనే తుడుస్తాం, తాళం చెవి దీంట్లోనే ఉంటుంది, ఏడుపొచ్చినా ఇదే అని చెప్పాను. అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. వాళ్ళమ్మ ఏప్రన్‌లో అక్రోట్లు మూటగట్టుకుని వచ్చేదట. ఆమె గురించి తనకు గుర్తున్నది అదొక్కటేనట, ఆ ఒడి, దాంట్లో అక్రోట్లు.

తర్వాత సేత వైపు తిరిగింది.

"మా ఊళ్ళో ఇలా వేసుకోరు. చూసినవాళ్ళు నవ్వుతారు," అంది. మా ఆయన బల్ల వెనక ఇంకాస్త వంగాడు. "కానీ నేను కుట్టింది తీయనని పట్టుబట్టే పిల్ల నాకిన్నాళ్ళకు దొరికింది. చోటు గురించి పేచీ పెట్టను. పెళ్ళికి వస్తాను. ఒకటే మాట. తాడు మాత్రం తల్లే కట్టాలి. మా ఇంట్లో తల్లే కడుతుంది."

సేత ఆమె ఒళ్ళో తల పెట్టేసింది. గౌను నలుగుతుందని మా ఆయన గుడ్లప్పగించి చూస్తున్నాడు. నాకు ఆ పూట చాలా సంతోషమైంది. మేడమ్ మాత్రం బిగుసుకుని నిలబడింది.

పెళ్ళిరోజు సేతను అలంకరించడానికి నన్ను పైకి పిలిచారు. కింద కార్లు హారన్లు కొడుతున్నాయి. మేడమ్ తాను కుట్టుకున్న బూడిదరంగు పట్టుగౌనులో ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని కూతురి నడుముకు తాడు చుట్టింది. ఎన్ని వందల గౌన్లకు ముళ్ళు వేసిన చేతులో అవి! అయినా మొదటిసారి ముడి జారిపోయింది. అవ్వ పక్కనే ఉండి కూడా చేయి వేయలేదు. రెండోసారి నిలిచింది.

మేడమ్ లేవలేదు. అలాగే నేలమీద ఉండి తల్లితో ఏదో అంది. సేత నా చెవిలో చెప్పింది.

"నా పెళ్ళిరోజు నీ చేయి తోసేశాను. అప్పటి నుంచీ ఆ సిగ్గుతోనే, అలాంటి కుట్టు నా దుకాణంలోకి రానివ్వలేదు. నాకు కూడా కట్టి ఉంటే బాగుండేదమ్మా."

అవ్వ లేచి లోపలికి వెళ్ళింది. నేను భయపడ్డాను. కాసేపటికి బట్టలో చుట్టినదొకటి తెచ్చి మేడమ్ ఒళ్ళో పెట్టింది. విప్పితే ఎర్ర ఏప్రన్, అప్పట్లో మేడమ్ తోసేసినదే. అవే అల్లికలు, రంగు కాస్త వెలిసింది. బీరూట్ నుంచి ఒక్క సంచీతో బయటపడ్డప్పుడు దాన్ని కూడా ఆ సంచీలోనే పెట్టుకొచ్చిందట. మేడమ్ మొహం చేతుల్లో దాచుకుంది.

అవ్వ ఆమెను లేపి నిలబెట్టి, తానే చుట్టింది. ముందువైపు, పాత పద్ధతిలో, పారిస్ కట్ గౌను మీద. తాడు వెనక్కి తెచ్చి లాగింది. రెండు కొసలూ కలవలేదు. మళ్ళీ లాగింది. జానెడు తక్కువొచ్చింది.

అవ్వ ఏదో గొణిగింది. ఏడుస్తున్న మేడమ్ పక్కున నవ్వింది. ఏమందని సేతను అడిగాను.

"'పెళ్ళీడు పిల్ల నడుముకని పేనాను. నువ్వు ఆలస్యం చేశావు' అంటోంది."

నేను పరుగెత్తి నా సూదీ దారం తెచ్చుకుని, ముడికి కూడా సరిపోయేలా ఎర్ర రిబ్బను రెండు జానలు కత్తిరించి తాడుకు అతికాను. అవ్వ ముడి వేసింది, చాలా గట్టిగా.