సీలు వేసిన పన్నెండు పీపాలు

మా ఒహాయోలో మద్యం ఆపాలని ఇల్లిల్లూ తిరిగి మగవాళ్ల చేత ఓట్లు వేయించిన మనిషి, మా పక్కింటి హుల్డా. నేనూ ఆవిడ వెనకే తిరిగాను. ఒక్క చుక్క ముట్టనివాణ్ణి.

ఆవిడ బతుకుతెరువు ఆపిల్ వెనిగర్. రసం తీసి పీపాల్లో పోస్తుంది. అది ముందు తియ్యగా ఉంటుంది, కొన్నాళ్లకు మత్తెక్కుతుంది, వసంతానికి పులిసి వెనిగర్ అవుతుంది. పచ్చళ్ల ఫ్యాక్టరీవాళ్లు వచ్చి పట్టుకుపోతారు.

మద్యనిషేధ చట్టం వచ్చిన రెండో ఏడు, అక్టోబరు నెలాఖరున టాకెట్ అనే తనిఖీ ఉద్యోగి వచ్చాడు. పీపాలోది ఒక గుటక తాగాడు. అనుమానం తీరక ఇంకో గుటక తాగాడు.

"పెద్దమ్మా, ఇది మందే."

"కాదు నాయనా, వెనిగరు. ఇంకా దారిలో ఉంది."

"రసమైతే వదిలేస్తా, వెనిగరైతే వదిలేస్తా. దారిలో ఉన్నదాన్ని ఏం చెయ్యాలో నాకు చెప్పలేదే!"

"మరి నువ్వు మీసాలతోనే పుట్టావా?"

పాపం, అతనూ బుర్ర గోక్కున్నాడు. పై ఆఫీసుకు రాస్తానని చెప్పి, పన్నెండు పీపాలకూ బిరడాలు బిగించి, లక్కతో సీలు వేసి పోయాడు. సీలు తీస్తే జైలేనట.

"వెనిగర్ అయ్యాకే చూపిద్దాంలే వదినా" అన్నాను.

"ఎట్లా అవుతుందయ్యా? దానికి గాలి తగలాలి. ఇట్లా బిగిస్తే ఏడాదైనా మందుగానే ఉంటుంది. వాళ్లొచ్చి తీసేసరికి మందే దొరుకుతుంది. అప్పుడు పట్టుకుపోయేది నన్నే!"

నాకు తల తిరిగింది. మందు వద్దన్న సర్కారే మందును చెడకుండా కాపాడుతోందా? ఆ సంగతే విడమరచి ఆఫీసుకు ఉత్తరం రాశాను. మూడు వారాలకు ఒక ఫారం వచ్చింది. 'మీ వద్ద ఎంత వెనిగర్ సిద్ధంగా ఉన్నది?' అని అడిగారు. హుల్డా అబద్ధమాడదు. సున్నా అని రాసింది.

ఆదివారం చర్చి నుంచి వస్తూనే, మంచి బట్టలైనా మార్చుకోకుండా సుత్తి పట్టుకుని పీపాల కొట్టంలోకి నడిచింది.

"తీసినా నేరమే, ఉంచినా నేరమే. తీస్తే వెనిగరైనా మిగులుతుంది."

మొదటి సీలు పగిలింది. బిరడా పీకి, ఆ కంతకు పల్చటి గుడ్డ కట్టింది.

"రేపు వాళ్లడిగితే చూశానంటావా, చూడలేదంటావా?"

"ఏదంటే నేరం కాదు వదినా?"

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

నేను వెళ్లి రెండో పీపా కదలకుండా పట్టుకున్నాను.