లైను ఎవరి పేరు మీద ఉంది

తన సంసారం చెడగొట్టింది బాలస్వామేనని ఏసుకుమార్ ఇప్పటికీ చెప్తాడు. డోన్‌లో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా అతను. డ్రైవర్లు టీ గ్లాసు పట్టుకొని బెంచీ మీద కూచుంటే చాలు, లోడు రసీదులు రాయడం ఆపి మొదలుపెడతాడు. "నా పెండ్లాం ఎదురుమాట ఎరగని మనిషప్పా. ఆ బాలస్వామి కంప్యూటర్ సెంటరుకి పోయినంక తల తిరిగిపాయ. ఇంగ్లండోళ్ల ఉత్తరాలు చదివిచ్చి చదివిచ్చి నా కొంప తీసినాడు." వినేవాళ్లు తలూపుతారు. ఏం చెడింది, ఎట్లా చెడింది అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే అతను చెప్పుకోగలిగింది శానా తక్కువ.

నిజానికి బాలస్వామి అతని పెండ్లాం ఆరాధనకు నూరిపోసిందేమీ లేదు. ఒక తప్పు పట్టుకున్నాడు, తిట్టినాడు, దిద్దమన్నాడు. అంతే.

అది రెండువేల ఏడు, ఎండలు ముదురుతున్న కాలం. డోన్‌లో మూడు దినాలకొకసారి కొళాయి వదిలేవాళ్లు. నీళ్లొచ్చే పొద్దు ఆరాధన కోడికూతకు ముందే లేచి బిందెలు వరస పెట్టుకునేది. నీళ్లు పట్టి, జొన్నరొట్టెలు కొట్టి, అత్త రాహేలమ్మకు చక్కెర జబ్బు మాత్ర చేతిలో పెట్టి, మొగుడికి క్యారియరు కట్టి, అంట్లు తోమి, తను తినేది నిలబడే తిని తొమ్మిదింటికి సెంటర్లో ఉండాల. సాయంత్రం వచ్చి నడుము వాల్చబోతే ఏసుకుమార్ నవ్వేవాడు. "ఫ్యాను కింద కూచొని టక్కు టక్కుమని కొట్టేదానికి అలుపేంది?" ఆ ఫ్యాను మనుషులకు గాదు, కంప్యూటర్లకు. దాని మొహం వాటివైపే తిప్పి ఉంటుంది. ఈ సంగతి ఆమె ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పలేదు.

సెంటరు బస్టాండు వెనక, ఎరువుల అంగడి మిద్దె మీద. ఎనిమిది కంప్యూటర్లు, అందరూ ఆడపిల్లలే. హైదరాబాదులో ఒక కంపెనీ లండన్‌లోని సర్వే కంపెనీ దగ్గర పని పట్టుకుంటే, అందులోంచి ఒక తునక బాలస్వామి తెచ్చుకున్నాడు. ఇంటర్నెట్ తొందరగా వచ్చే లైను పెట్టించుకొని అవస్థలు పడిన ఆ దేశం జనం రాసిన ఉత్తరాలు బొమ్మలుగా కంప్యూటర్లోకి వస్తాయి. వాటిని చూసి గళ్లల్లో కొట్టాల. ఊరు, కంపెనీ, ఖాతాదారు పేరు, ఫిర్యాదు ఏంది, ఎన్ని దినాలాయ. ఒకే ఉత్తరాన్ని ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా కొడతారు. ఇద్దరిదీ కంప్యూటరు పోల్చి చూసి, తేడా ఉన్నచోట ఎర్రగీత గీస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చెయ్యరని లండనోళ్ల నమ్మకం. ఆరాధనకు జత రమ్యశ్రీ. బజారులో బెల్లం అంగడి ఉన్న శెట్టిగారి కూతురు.

"చదవాకండి. చూడండి, కొట్టండి" అని బాలస్వామి మొదటి దినమే చెప్పినాడు. రమ్యశ్రీ అట్లే చేసేది. పాట పాడుకుంటా కొట్టేది. ఆరాధనకు చేతగాలేదు. కర్నూలులో బీయే ఇంగ్లీషు చదివి, పెండ్లయినంక పన్నెండేండ్లు మాత్రల అట్టల మీది అక్షరాలు తప్ప ఇంగ్లీషు చూడని మనిషి. ఎదురుగా ఎవరో తెలియని ఇండ్ల తలుపులు తెరిచిపెడితే లోపలికి తొంగిచూడకుండా ఎట్లుంటుంది?

"రమ్యా, రేడియేటరు అంటే లారీకి ఉండేదే కదా. దాని మీద తడిబట్టలు ఆరేసినా అని రాసిందేంది ఈమె?"

"మీ ఆయన లారీలు ఆడ గూడా తిరుగుతాండాయేమో అక్కా. ఉతికిన చీర వేసిరా, ఆరేసుకొస్తాడు."

నవ్వుకున్నారు గానీ ఆరాధనకు ఆ రేడియేటరు దినమంతా తెగలేదు. ఇంట్లో లారీ ఎందుకుంటుంది? అది చలిదేశమని, ఇల్లు వెచ్చబెట్టే ఇనప గొట్టాలకు గూడా అదే పేరని తర్వాతెప్పుడో తెలిసింది. అట్లాంటివి తవ్వేకొద్దీ వచ్చేవి. అన్నిటికంటే వింత ఆ తీగ సంగతి. ఆ దేశంలో ఇంటిగోడలోకి వచ్చే తీగ ఒక పాత కంపెనీదంట. దాంట్లో వచ్చే ఇంటర్నెట్ మాత్రం నువ్వు ఎవరిది కావాలంటే వాళ్లది. ఈ కంపెనీ వద్దనుకుంటే ఇంకో కంపెనీకి పోవచ్చు. తీగ మారదు, గోడకు కన్నం మారదు. మారేది కంపెనీ ఒక్కటే. అయితే పోవాలంటే, ఉన్న కంపెనీయే ఒక కోడు ఇవ్వాల. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి కోడు. అది చేతికొస్తేనే కొత్త కంపెనీ తలుపు తీస్తుంది. ఇయ్యకుండా నాన్చే కంపెనీలు ఉండేవంట. అందుకని ఆ యేడు ఫిబ్రవరి నుంచి, అడిగిన ఐదు పనిదినాల్లో కోడు ఇచ్చి తీరాలని, దానికి పైసా తీసుకోగూడదని రూలు పెట్టినారంట.

సాయంత్రం ఇంటికి పోతా పోతా ఆరాధన తలెత్తి స్తంభాల మీది తీగలు చూసేది. ఇంతకాలం కాకులు కూచునేవనే తెలుసు. పోతామనేవాళ్లకు పోయే దోవ, పట్టి ఉంచుకున్నోడే చూపించాలని రూలు పెట్టిన మనుషులు ఎట్లాంటివాళ్లో అనుకునేది.

ఆ ఉత్తరాల్లో ఒకటి షెఫీల్డ్ అనే ఊరి నుంచి. మార్గరెట్ పెల్ అని సంతకం. అక్షరాలు గుండ్రంగా, కొంచెం కుడికి వాలి ఉండాయి. కోడు కావాలని పదకొండు సార్లు ఫోన్ చేసిందంట. ఒక్కోసారి ముప్పావుగంట పాట వినిపించి, చివరకు ఎవరో పలికి, ఖాతాదారుతో తప్ప మాట్లాడం, మీ ఆయన్ని పిలవండి అనేవాళ్లంట. ఆయన పక్కగదిలో ఫుట్‌బాల్ చూస్తా ఉంటాడు. లేచి వచ్చి, అవును అని ఒక మాట చెప్పి, మళ్లా పోయి కూచుంటాడు. "ఆరేండ్లుగా నా జీతంలోంచి బిల్లు కడుతున్నాను. ఫోన్లో మాత్రం నేను లేనట" అని రాసింది ఆమె.

ఆరాధన ఆ వాక్యం రెండోసారి చదివింది. ఆ దేశంలో గూడానా?

అప్పటినుంచి వెతకడం మొదలుపెట్టింది. రాసేది ఆడమనిషి, లైను మొగుడి పేరు మీద. అట్లాంటివి దొరికినప్పుడల్లా, ఆ ఇల్లెట్లుంటుందో, ఆ ఫోను వంటింట్లో పెట్టుకుంటారో నడవాలో పెట్టుకుంటారో ఊహించుకుంటా కొట్టేది.

ఇంట్లో అప్పుడే టవరు సంగతి నడుస్తాండాది. ఆలూరు దగ్గర ఆరాధనకు మూడెకరాల మెట్టభూమి ఉంది. తల్లి జీవమ్మ ఊళ్లోవాళ్ల చేన్లల్లో కలుపు తీసి, కొన్నాళ్లు చర్చి ఆవరణ ఊడ్చి, కూడబెట్టి కొన్నది. పోయేముందు కూతురి పేరు మీద పట్టాదారు పాసుబుక్కు చేయించి పోయింది. చేను మధ్యలో ఒక గట్టు. రాళ్లూ కంపా తప్ప ఏమీ మొలవని ఆ గట్టే సెల్లు కంపెనీకి నచ్చింది. ఎత్తు మీద టవరు పెడితే చుట్టూ పది ఊళ్లకు సిగ్నలు అందుతుందంట. పదేండ్లకు బాడుగ ఒప్పందం.

"టవరోళ్లు ఆడోళ్లతో అగ్రిమెంటు రాసుకోరంట" అన్నాడు ఏసుకుమార్, అన్నం కలుపుకుంటా. "టవరు లేసే జాగా వరకు నా పేరు మీదికి మార్చాల. గిఫ్టు డీడంటారు. రెండు సంతకాలు, అంతే."

"ఎందుకు రాసుకోరంట?"

"రూలు. నీకు చెప్పినా అర్థం కాదులే. నీది కాదు నాది కాదు, మనదే కదమ్మే."

"పెట్టమ్మా సంతకం" అంది రాహేలమ్మ మంచం మీదనుంచి. "నా పేరుతో ఈ ఇంట్లో ఒక గిన్నె గూడా లేదు. నేను మా పుట్టింటి నుంచి తెచ్చిన చెంబు మీద గూడా మీ మామ పేరే కొట్టిచ్చినాడు. బతకలేదా నేను?"

ఆరాధన ఊ అంది. ఆ ఇంట్లో ఆమె ఊ అంటే సరే అని లెక్క. వచ్చే సోమవారం ఆలూరు రిజిస్ట్రారు ఆఫీసుకు పోవాలని నిర్ణయమైంది.

శనివారం బాలస్వామి పిలిచినాడు. బల్ల మీద కాయితం, దాని నిండా ఎర్రగీతలు.

"ఏమ్మా ఆరాధనా, నలభై మూడు ఉత్తరాలు. అన్నిట్లో ఒకటే గడి, ఖాతాదారు పేరు. రమ్యశ్రీ మొగోళ్ల పేర్లు కొట్టింది, నువ్వు ఆడోళ్ల పేర్లు కొట్టినావు. ఏంది కథ?"

ఆమె కాయితం వైపు చూసింది. కావాలని చేసింది గాదు. వేళ్లు వాటంతటవే కొట్టినాయి.

"ఉత్తరం రాసింది ఆమే గదా సార్."

"రాస్తే?"

"బిల్లు కట్టేదీ ఆమే. ఫోను పట్టుకొని కాచుకునేదీ ఆమే. పదకొండు సార్లు కోడు అడిగిందీ ఆమే."

"అడిగితే ఇచ్చినారా?"

"లేదు సార్."

"ఎందుకియ్యలేదు? లైను ఆమె పేరు మీద లేదు గనక. చూడమ్మా, పేరున్నోడు కుర్చీలోంచి లేవకపోయినా లైను వానిదే. పేరు లేనామె పదకొండు సార్లు గాదు, నూటపదకొండు సార్లు చేసినా లాభం లేదు. నీకు జాలేసి ఈడ ఆమె పేరు కొడితే ఆడ ఏమన్నా మారుతుందా? పేరనేది మొదటి దినమే పడి ఉండాల. తర్వాత ఎంత ఏడ్చినా కోడు రాదు." కాయితం ఆమె ముందుకు తోసినాడు. "జీతంలో పట్టుకోను. సాయంత్రానికి నలభై మూడూ దిద్దు."

దిద్దింది. మార్గరెట్ పెల్‌ను తుడిచి రోనాల్డ్ పెల్ అని కొట్టింది. ఒక్కో ఆడమనిషినీ వెనక్కి జరిగే మీట నొక్కి అక్షరం అక్షరంగా తుడిచేస్తా ఉంటే, ఇంతకీ నా పేరు యాడుంది అని ఒక చిన్న కుతూహలం పుట్టింది. కోపం గాదది, లెక్క తెలుసుకోవాలనిపించడం. గ్యాసు పుస్తకం అతని పేరు. సిలిండరుకు ఫోను చేస్తే సార్ పేరు చెప్పండమ్మా అంటారు. రేషన్ కార్డులో కుటుంబ పెద్ద అతను. ఇంటి ఫోను, ఆరేండ్ల కింద పోయిన మామ పేరు మీదే ఉంది, ఇంకా మార్చలేదు. అంటే ఈ ఇంట్లో చనిపోయిన మగమనిషికి గూడా లైనుంది. గిన్నెల మీద మామ పేరు. నెలకు రెండువేల ఎనిమిదొందల జీతం తీసుకొనేటప్పుడు బాలస్వామి రిజిస్టరులో సంతకం పెడుతుంది, ఆ సంతకం ఆరిపోయేలోపు ఆ రూకలు ఏసుకుమార్ చొక్కాలో ఉంటాయి. ఇట్లా ఒక్కొక్కటీ వెతుక్కుంటా, ముప్పై ఎనిమిదో పేరు తుడుస్తా ఉండగా ఆమెకు పాసుబుక్కు గుర్తొచ్చింది. అమ్మ వేలిముద్ర తప్ప పెట్టలేని మనిషి. కానీ మండలాఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగి, కూతురి పేరు మొదటి దినమే పడేటట్లు చూసింది. సోమవారం ఆ ఒక్క పేరునూ నేనే తుడవబోతాండా. తుడిచినంక టవరోళ్లకు నేను ఫోను చేస్తే, మీ ఆయన్ని పిలవండి అంటారా, అనరా?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలనిపించింది.

రిజిస్ట్రారు ఆఫీసు వసారాలో దస్తావేజులు రాసే దేవేంద్రప్ప బల్ల వేసుకొని ఉన్నాడు. పక్కన కుర్చీలో టవరు కంపెనీ తరఫున స్థలాలు చూసే రాఘవేంద్రప్రసాద్. గిఫ్టు డీడు తయారుగా ఉంది. దేవేంద్రప్ప గబగబా చదివినాడు. దాతయైన ఆరాధన గ్రహీతయైన తన భర్తకు ప్రేమాభిమానములచే...

"ప్రేమాభిమానం అని మీరే రాసినారా అప్పా?"

"అన్నిట్లోనూ అదే రాస్తామమ్మా. అచ్చు మాట."

ఆమె పెన్ను తీసుకుంది. తీసుకొని రాఘవేంద్రప్రసాద్ వైపు తిరిగింది. "ఒక సంగతి అడగొచ్చా సార్? మీ కంపెనీ ఆడోళ్లతో అగ్రిమెంటు రాసుకోదంట కదా. ఎందుకని?"

అతను ఏసుకుమార్ మొహం చూసినాడు. "ఎవరన్నారు మేడమ్? పాసుబుక్కులో ఎవరి పేరుంటే వాళ్లతోనే. మీ పేరు మీద రాసుకుంటే ఈ గిఫ్టు కాయితమే అక్కర్లేదు, ఈ పొద్దే అయిపోతాది. సారే మార్పిస్తామన్నారు, సరే అన్నాం."

"ఏమ్మే" అన్నాడు ఏసుకుమార్ గొంతు తగ్గించి, "ఈడ పంచాయితీ పెట్టాకు. సంతకం పెట్టు. ఇంటికాడ మాట్లాడుకుందాం."

"ఉండప్పా, అడుగుతాండా కదా. సార్, రేపు ఏదన్నా తకరారు వస్తే మీ ఆఫీసోళ్లు ఎవరితో మాట్లాడతారు?"

"అగ్రిమెంటులో పేరున్నోళ్లతోనే మేడమ్. ఇంకొకరితో మాట్లాడితే మా మీదికి వస్తాది."

"ఆ అగ్రిమెంటు ఎన్నేండ్లు?"

"పదేండ్లు."

ఆరాధన గిఫ్టు కాయితాన్ని బల్ల మీద మెల్లగా వెనక్కి జరిపింది. "అట్లయితే నాతోనే రాసుకోండి సార్."

"స్టాంపులకు మీ ఆయన దుడ్లు పెట్టినాడమ్మా" అన్నాడు దేవేంద్రప్ప.

"అవి నా జీతంలోవే అప్పా."

తిరుగు బస్సులో ఏసుకుమార్ ముందు సీట్లో కూచున్నాడు, ఆమె వెనక ఆడోళ్ల సీట్లో. పత్తికొండ దాకా ఒక్కసారి గూడా తలతిప్పలేదు. ఇంటికొచ్చి రాహేలమ్మ అడిగితే, నీ కోడల్నే అడుగుపో అని చెప్పులేసుకొని బయటికి పోయినాడు. ముసలామె కోడలి మొహంలోకి చూసింది. తిడుతుందనుకుంది ఆరాధన.

"టవరోళ్ల కాయితంలో సంతకం తెలుగులో పెట్టినావా, ఇంగ్లీషులోనా?"

"తెలుగులో అత్తా."

"పెద్దగా పెట్టినావా?"

"గడి పట్టినంత."

రాహేలమ్మ తన మాత్ర తనే డబ్బాలోంచి తీసుకొని మింగింది.

మరుసటి పొద్దు కొళాయి వచ్చింది. బట్టలు నానబెడతా ఆరాధన మొగుడి చొక్కా జేబులో చెయ్యి పెడితే ఆ గిఫ్టు కాయితం, నాలుగు మడతలు పెట్టి ఉంది. సంతకం చోటు ఖాళీ. కొళాయి కాడ నిలబడి, పక్కన బిందె నిండుతా ఉండగా, చివరి పేజీ చదివింది. ఒక్క దినం గూడా తనది గాకుండా ఏసుకుమార్ పోగొట్టుకున్న ఆస్తి అందులో హద్దులతో సహా రాసి ఉంది: తూర్పు పడమర నలభై అడుగులు, ఉత్తర దక్షిణం అరవై అడుగులు, వెరసి ఐదున్నర సెంట్లు.