కనుమకు ఇవతలే ఆగిన బండి

నేను ఒక కొండ సైకిల్‌ని. లావు టైర్లు, తేలికైన అల్యూమినియం ఒళ్లు, గుంతల దెబ్బ కాచుకునే షాకబ్జర్లు నావి. లూధియానాలో బిగించి విశాఖపట్నంలో అమ్మారు. మొదట కొన్నది ఒక పళ్ల డాక్టరు. బరువు తగ్గాలని నాలుగు రోజులు బీచ్ రోడ్డులో తొక్కి, బాల్కనీలో పెట్టేశాడు. ఆ తర్వాత రెండేళ్లు నా హ్యాండిల్ మీద తువ్వాళ్లు ఆరాయి.

అక్కణ్ణుంచి నన్ను తెచ్చుకున్నది వసుంధర. విజయనగరంలో ఒక బడిలో వ్యాయామ టీచరు, యాభై ఏళ్ల మనిషి. అనంతగిరి ఘాట్‌లో ఆమె నన్ను తొక్కిన మొదటిరోజే నేను దేనికి పుట్టానో నాకు అర్థమైంది.

ఆమెతో పాటు ఇంకో సైకిల్ మీద వచ్చేది భార్గవి, ఆమె ఆడపడుచు. వసుంధర ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి భార్గవికి పదేళ్లు. సైకిల్, ఈత, పరీక్షలంటే భయపడకపోవడం అన్నీ వదినే నేర్పింది. ముప్పై ఆరేళ్లు వచ్చినా వదిన మాటకు ఎదురు చెప్పడం మాత్రం భార్గవికి రాలేదు.

ఒక జూన్‌లో ఇద్దరూ మమ్మల్ని రైలెక్కించి హిమాచల్ తీసుకెళ్లారు. ఆరు రోజుల దారి. మూడు లోయలు, రెండు కనుమలు. రోజూ పొద్దు వాలేసరికి చేరాల్సిన చోట రాతితో కట్టిన బస ఒకటి ఉంటుంది. రోడ్డు కాదు, గొర్రెలు నడిచిన బాట. సగం దూరం నేను వసుంధరను మోస్తే, సగం దూరం ఆవిడే నన్ను భుజాన వేసుకుని వాగులు దాటింది. మనుషులు దీన్ని సెలవు అంటారు.

మొదటి కనుమ హాయిగా దాటాం. మూడో రోజు మధ్యాహ్నం నుంచి నాకు ఏదో తేడా తెలిసింది. చదును నేల మీద కూడా వసుంధర ఎడమ చెయ్యి బ్రేకు నొక్కి పట్టుకునే ఉంది. వదలడం మర్చిపోయినట్టు. దారి తిన్నగా ఉన్నా నేను పక్కకు లాగుతున్నాను. లాగుతున్నది నేను కాదు, ఆమె చేతులు. ఆ సంగతి తెలిసిన మొదటిదాన్ని నేనే. చెప్పడానికి నోరు లేదు.

నాలుగో రోజు పొద్దున బస వెనక్కి వెళ్లి ఆమె వాంతి చేసుకుంది. భార్గవి చూసింది.

"రాత్రి పప్పు పడలేదు. పెద్ద విషయం చెయ్యకు," అంది వసుంధర.

"తలనొప్పి కూడా ఉందా వదినా?"

"నన్ను ముసలిదాన్ని చెయ్యకే. సైకిల్ తియ్యి."

ఆ బస చూసుకునే పల్‌జోర్ టీ గ్లాసులు కడుగుతూ విన్నాడు. మాట అర్థం కాకపోయినా మనిషి అర్థమైంది. భార్గవితో హిందీలో అన్నాడు. "ఇవాళ కిందికి దిగండి. ఈ ఎత్తులో బలమున్నవాళ్లే ముందు పడిపోతారు. బలం ఉందని ఆగరు కదా."

భార్గవి వదిన వైపు చూసింది. వదిన అప్పటికే నా మీద ఎక్కింది. భార్గవి తన సైకిల్ ఎక్కి వెనకాలే బయలుదేరింది. ఆ రెండో కనుమ దాటడం ఆమెకూ కావాలి. ఏడాదిగా ఇద్దరూ దాని గురించే మాట్లాడుకున్నారు.

గంటన్నరలో రెండుసార్లు పడ్డాం. రెండోసారి నా పక్కన లోయ ఉంది. భార్గవి పరిగెత్తుకొచ్చి లేవదీసింది.

"వదినా, ఇవాళ ఏ వారం?"

వసుంధర చాలాసేపు ఆలోచించింది. "బెల్లు కొట్టారా?" అని అడిగింది.

భార్గవి కిందికి పోదామంది. బతిమాలింది. వసుంధర చెయ్యి విదిలించి మళ్లీ నా హ్యాండిల్ పట్టుకుంది. అప్పుడు భార్గవి వంగి, నా ముందు చక్రం ఇరుసు తిప్పి లాగేసి, లోయలోకి విసిరింది. చక్రం ఊడి పక్కకు పడింది. నేను ముక్కు నేలకు కొట్టుకుని కూలబడ్డాను.

వసుంధర ఆమె చెంప మీద కొట్టింది. భార్గవి ఆ చేతినే పట్టుకుని, తన మెడ చుట్టూ వేసుకుని, దిగడం మొదలుపెట్టింది. మలుపు తిరిగేదాకా నాకు కనిపించారు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

మర్నాడు పల్‌జోర్ కంచరగాడిదతో వచ్చి మమ్మల్ని రెండింటినీ, ఊడిన చక్రాన్నీ బసకు చేర్చాడు. భార్గవి సైకిల్‌ని ఎవరో వచ్చి తీసుకెళ్లారు, ఇరుసు లేని నన్ను అక్కడే వదిలేశారు. ఆ ఎత్తు పడక వసుంధర మెదడుకు నీరు పట్టిందని, కింద ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారని, బతికిందని వాళ్ల మాటల్లో విన్నాను.

మరుసటి వేసవిలో భార్గవి ఒక్కతే వచ్చింది. చేతిలో కొత్త ఇరుసు ఉంది. పల్‌జోర్ టీ ఇచ్చి వదిన ఎలా ఉందని అడిగాడు.

"బాగుంది. ఆ రోజు మాత్రం ఏమీ గుర్తులేదు. తను బాగానే తొక్కుతుంటే నేను భయపడి దింపేశానని అనుకుంటోంది. నాతో మాట్లాడటం లేదు."

"చెప్పలేదా?"

"చెప్పాను. నమ్మలేదు. మళ్లీ వస్తుందట ఇక్కడికి. ముందు తన సైకిల్ తెచ్చి పెట్టమని అన్నయ్యతో చెప్పించింది." ఇరుసును చేతిలో తిప్పుతూ అంది. "మంచు విరిగిపడి సైకిల్ పోయిందని చెప్తాను. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మీరూ అదే చెప్పాలి."

పల్‌జోర్ గ్లాసు కింద పెట్టాడు. "అబద్ధం చెప్పలేను. ఫోన్ ఎత్తకుండా ఉండగలను."

సైకిల్ లేకపోతే ఆమె రాదని భార్గవి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. ఆ చేతులు నాకు తెలుసు. ఇంకో బండి కొంటుంది. అది నాలాగే అన్నీ తెలుసుకుని ఏమీ చెప్పలేకపోతుంది.

వెళ్లే ముందు భార్గవి నా చక్రం బిగించింది. గొలుసుకు నూనె రాసింది. పంపు తీసి రెండు టైర్లకూ గట్టిగా గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసింది. ఎవరూ ఎక్కకూడదని వదిలి వెళ్లే బండికి అదంతా ఎందుకు చేసిందో నాకు తెలియదు. తర్వాత నన్ను గోడకు ఆనించి, సీటు మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడి, కిందికి నడిచి వెళ్లిపోయింది.