నడుముకి కట్టిన సెంట్రింగు

నేను టైల్స్ మేస్త్రిని. పాతికేళ్లుగా మోకాళ్ల మీదే బతుకు. రసమట్టంలో బుడగ వెంట్రుకవాసి పక్కకి జరిగినా నిద్రపట్టని రకం. అలాంటి నాకు, ఆర్నెల్లుగా పొద్దున్నే మంచం దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. నడుము కొయ్యబారిపోయింది.

ఇంతలో మా అమ్మాయి ఇల్లు కట్టుకుంటోంది. టైల్స్ నేనే వేస్తానని పునాది తవ్విన రోజే మాటిచ్చాను.

"రెండు నెలలు చూస్తాం నాన్నా. నీ వల్ల కాకపోతే వేరే మేస్త్రిని పెడతాం. నువ్వు మంచాన పడితే నాకా ఇల్లెందుకు?" అంది.

ప్రేమతోనే అంది. అయినా ఒళ్లు మండింది. నా కూతురింట్లో ఇంకొకడు టైల్స్ వేయడమా!

ఆ పంతంతోనే ఫిజియోథెరపిస్టు దగ్గరికెళ్లాను. ఆమెది మా అమ్మాయి ఈడే. ఎముకలకేం కాలేదని, బిగుసుకున్న నడుముని కదిలించాలని చెప్పింది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు గుండెకి తెచ్చుకోవాలి. చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి, పిల్లిలా వీపు ఎత్తి దించాలి. పూటకి పదిసార్లు. నేను ఇరవై చేశాను. మూడు వారాలైనా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

"మీ చదువు నా నడుముకి ఎక్కట్లేదమ్మా," అన్నాను.

"ఏదీ, నా ముందోసారి చెయ్యండి."

వీపు ఎత్తగానే చొక్కా పైకి జరిగింది. లోపల నొప్పికని బిగించిన నడుము బెల్టు బయటపడింది.

"ఇది కట్టుకునే చేస్తున్నారా?"

"పడుకున్నా తియ్యను," అన్నాను గర్వంగా. "కుర్రతనంలో సెంట్రింగు పని చేసినవాణ్ణి. స్లాబు కింద దన్ను తొందరపడి ఊడదీస్తే కూలిపోదూ?"

"స్లాబు గట్టిపడాలని కదండీ దన్ను పెడతారు? మీ నడుము గట్టిపడిందనేగా నా దగ్గరికొచ్చారు?"

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు మరి.

బెల్టు తీసిన రోజు భయమేసింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. వంగితే విరుగుతాననే అనుకున్నాను. ఆ పూట మూడుసార్లే చేయగలిగాను. వారం తిరిగేసరికి మోకాలు గుండెని తాకింది.

"పోన్లెండి, ఇన్నేళ్లకి కాస్త వంగడం నేర్చుకున్నారు," అని మా ఆవిడ దెప్పింది.

గడువు ఇంకా నాలుగు రోజులుండగా అమ్మాయి ఇంటి ముందుగదిలో పని మొదలుపెట్టాను. వరసకోసారి లేచి నడుము తిప్పాలని ఫిజియో షరతు. మొదటి వరస అవగానే అమ్మాయి అలవాటుగా నన్ను లేపడానికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి అందుకోకుండానే లేచాను. అది చాపిన చెయ్యి అలాగే ఉంచి, నన్నే చూస్తూ నిలబడిపోయింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ చేతిలో రసమట్టం పెట్టి, "పట్టుకో, రెండో వరస వేద్దాం," అన్నాను.