కడగని తుపాకి

"పటేలా, జర అర్ధగంట ఆగు. పొయ్యి మీద నీళ్లు మసులుతున్నయ్. పొద్దుగాల్నే రెండు దెబ్బలు కొట్టిన. కడిగి నూనె రాసిస్త" అని మత్తయ్య ఆ రోజు బతిమాలాడు.

మహిధర్ ఆగలేదు. సర్పంచ్ ఎన్నికలొచ్చాయి, లైసెన్సు తుపాకులన్నీ సాయంత్రంలోగా స్టేషన్లో అప్పజెప్పాలని కానిస్టేబుల్ ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఇటు తాండూరులో బామ్మర్ది గృహప్రవేశం. ఒంటి మీద తెల్ల లాల్చీ. "ఇనుమే గదనే, కరిగిపోతదా?" అని తుపాకిని గోనెసంచిలో చుట్టి కారు డిక్కీలో పడేశాడు.

ఇనుము కరగదు నిజమే. కానీ దాన్ని తినేసేది ఒకటుంది. అది మూతిలోంచి మందు కూరి పేల్చే తాతలనాటి తుపాకి. పేలాక గొట్టంలో మిగిలే మసి గాలిలోని చెమ్మను పీల్చి, లోలోపలే ఇనుమును కొరుకుతుంది. అందుకే పేల్చిన రోజే మసిలే నీళ్లు పోయాలి. నల్లనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా పోస్తూనే ఉండాలి. కడ్డీకి గుడ్డ చుట్టి తుడిచి, ఆరాక ఆముదం పట్టించాలి. పన్నెండేళ్లుగా ఈ పని మత్తయ్యదే. లైసెన్సు మహిధర్‌ది, బంట్వారం పక్కనున్న మక్కచేను మహిధర్‌ది. అడవిపందులకు కాపలా ఉండేదీ, తుపాకికి చెంప ఆనించేదీ మాత్రం మత్తయ్య. మహిధర్ వికారాబాద్‌లో ఎరువుల దుకాణం చూసుకుంటూ, వారానికోసారి చేనికొచ్చి విరిగిన కంకులు చూసి గొణిగి పోయే రకం.

మూడు రోజుల తర్వాత మత్తయ్య ఫోన్ చేశాడు.

"ఠాణల అడిగి ఏణ్ణీళ్లు పోపిచ్చినవా పటేలా? మోమిన్‌పేట దిక్కు బీరయ్యకు కడగని తుపాకి గొట్టం పలిగి కన్ను పోయింది, ఎరుకే గదా."

దుకాణంలో గిరాకీ ఉంది. "ఆఁ, దగ్గరుండి కడిగిచ్చిన. నూనె గూడ రాసిన" అనేశాడు మహిధర్. నరం లేని నాలుక, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

ఎన్నికలయ్యాయి. తుపాకి చేతికొచ్చేసరికి రెండు నెలలు దాటింది. ఇంట్లో గొట్టంలోకి ఫోన్ లైటు వేసి చూశాడు. లోపలంతా ఎర్రగా, గజ్జి పట్టినట్టు ఉంది. బాగుచేసేవాడికి చూపించాలి అనుకున్నాడు. రేపనుకున్నాడు, ఎల్లుండనుకున్నాడు. ఈలోగా పాలకంకుల మీద పందులు పడ్డాయి. ఒక పొద్దున తుపాకి తెచ్చి మత్తయ్య చేతిలో పెట్టి, నోరు మూసుకుని బంట్వారం పని మీద వెళ్లిపోయాడు. పోయేముందు మత్తయ్య భార్య భాగమ్మ చాయ్ పోసిస్తే అదీ తాగాడు.

నాలుగింటికి తిరిగొచ్చేసరికి మత్తయ్య గట్టు మీద కూర్చుని తుపాకి సిద్ధం చేస్తున్నాడు.

"పొద్దుమూకితె పందులొస్తయ్. గంతకుముందె ఒక దెబ్బ గాలిల కొట్టి సూస్త పటేలా" అన్నాడు. "నువ్వు దగ్గరుండి కడిగిచ్చినంటివి. నాకేం ఫికర్ లేదు. అంతే గదా?"

చెప్పేయడానికి అంతకంటే మంచి సందు ఏ మనిషికీ దొరకదు. మూడు మాటలు: కడగలేదు మత్తయ్యా, అబద్ధమాడాను. కానీ తన చేను కాసేవాడి ముందు అబద్ధాలకోరుగా నిలబడటం మహిధర్‌కు చేతకాలేదు.

"అంతే" అన్నాడు.

మత్తయ్య వీపు ఇటు తిప్పి మందుసంచి విప్పాడు. కడ్డీ గొట్టంలోకి దిగింది, లేచింది. పేలికలు కూరాక చెబుదాం అనుకున్నాడు మహిధర్. కూరడం అయిపోయింది. మందును అంటించే టోపి పెట్టేటప్పుడు చెబుదాం అనుకున్నాడు. కందిగింజంత రాగి టోపి కూడా పెట్టేశాడు మత్తయ్య. ఏమీ కాదులే, పాతకాలపు ఇనుము, మందం ఎక్కువ. బీరయ్యది వేరే తుపాకి. ఇలా తనకు తాను సర్దిచెప్పుకుంటూనే ఉన్నాడు, కాళ్లు మాత్రం వాటంతట అవే వెనక్కి నడుస్తున్నాయి. కోసేసిన కందిమోళ్లు చెప్పుల కింద పటపటమన్నాయి. కారు దాకా వచ్చి, దాని అవతలికి వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి మత్తయ్య తెల్లబడ్డ జుట్టు, తుపాకి కర్రకు ఆనిన చెంప కనిపిస్తున్నాయి. ఆగు అని అరవాలని నోరు తెరిచాడు. అరవకుండానే కళ్లు మూసుకున్నాడు.

టప్‌మంది.

టోపి ఒక్కటే పేలింది. పొగ లేదు, మోత లేదు. మహిధర్ కళ్లు తెరిచేసరికి మత్తయ్య తుపాకి దించి, కారు అవతల నక్కిన పటేల్‌ను చూస్తున్నాడు.

"ఏమైంది? అంటుకోలేదా?" అన్నాడు మహిధర్.

"మందు పొయ్యలే పటేలా. పేలికలె కూరిన" అన్నాడు మత్తయ్య. "పొద్దుగాలనే గుడ్డ దోపి సూసిన. ఇటికె పొడి లెక్క ఎర్రగొచ్చింది. ఠాణోళ్లు ఆగం జేసిన్రేమో, నీకు తెల్వదేమో అనుకున్న. తెల్వకపోతె నా పక్కన్నే నిలవడ్తవ్ గదా అని, సూద్దామని టోపి పెట్టిన."

మహిధర్ కారు చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. "మత్తయ్యా, అది కాదే..." అని మొదలుపెట్టాడు గానీ, ఏది కాదో అతనికే తెలియలేదు.

మత్తయ్య కోప్పడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది మహిధర్‌కు. తుపాకిని తెచ్చి అతని రెండు చేతుల్లో పెట్టాడు, మందుసంచి కూడా పెట్టాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"నువ్వు ఎనుకకు నడుస్తుంటె మోళ్ల సప్పుడు ఇన్న పటేలా" అన్నాడు. "గిప్పుడు ఆగుతవ్, గిప్పుడు ఆగుతవ్ అనుకున్న."

గట్టు దిగి ఇంటి దారి పట్టాడు.