ఒకే ఫ్రీక్వెన్సీ

మామగారి బొమ్మ విమానానికి రిమోట్ ఎంచింది నేనే. రేడియోలు బాగుచేసే అల్లుడుండగా ఇంకెవర్ని అడుగుతారు? విమానంలోని కెమెరా చూపే దృశ్యాన్ని చిన్న తెరలున్న కళ్లద్దాల్లో చూస్తూ కింద నుంచి నడపాలి. కెమెరా, రిమోట్ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉండకూడదని డబ్బా మీదే రాసి ఉంది. ఈ పెద్దమనిషి, అంటే నేను, చదివితేగా! నా షాపులో బల్ల మీద పక్కపక్కనే పెట్టి చూస్తే రెండూ బుద్ధిగా పనిచేశాయి.

మైదానంలో చెట్ల వరుస దాటగానే విమానం రిమోట్ మాట వినడం మానేసింది. కళ్లద్దాల్లో దృశ్యం కనబడుతుండగానే నేలకు కొట్టుకుంది. మామగారు తన చేతుల వంక చూసుకున్నారు. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న చేతులు, ఈ మధ్య కాస్త వణుకుతున్నాయి.

"నా చేతులదే తప్పు అల్లుడూ. నువ్వు మంచి సామానే ఇచ్చావు."

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"పోనీండి మావయ్యా, వయసు కదా," అన్నాను.

వారం తిరక్కుండానే మా ఆవిడ ఏడుపు గొంతుతో వచ్చింది.

"నాన్న కుట్టుమిషన్ అమ్మేస్తాడట. తన చేతుల్ని ఇక నమ్మడట. మీరైనా చెప్పండి, మీ మాటంటే ఆయనకి గురి."