మామకి టీ ఇచ్చిరా

సిడెన్‌హామ్ పేటలో టాక్సీ దిగేముందు సరస్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. చెరుకుతోటల పక్కనున్న తమ ఊరు ఒట్టావాలో ఎక్కినప్పుడే పెట్టుకునేది గాని, పక్కింటి కమలం చూసి కళ్ళకలకా అని అడిగి వీధంతా టముకు వేస్తుందని భయం. ఇక్కడ తననెరిగినవాళ్ళెవరూ లేరు. అయినా ఆ నీలం గేటు ముందునుంచి ఓసారి ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్ళిపోయి, మూలమీద రొట్టెల కొట్టు దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చింది. దొంగతనానికి వచ్చినవాళ్ళు కూడా అన్ని దిక్కులు చూడరు.

తను వచ్చింది తన పనిమీద కాదు. ఊరికే చూసి వెళ్దామని. పిల్లనిచ్చే ముందు అవతలివాళ్ళ ఇల్లూ వాకిలీ చూసిరావడం లేదూ, అలాగే. కూతురు కెరిషా వెళ్తానంటున్న చోటు ఎలాంటిదో, అక్కడ కూచునే మనిషి ఎవరో, విన్నది కడుపులో దాచుకుంటుందో లేదో, ముందు తను తేల్చుకోవాలి. అలా అని తనకు తాను చెప్పుకుంది. తనకు తాను చెప్పుకోవడంలో సరస్‌ని మించినవాళ్ళు లేరు.

సంగతి మొదలైంది పోయిన ఆదివారం. పెళ్ళి నెలన్నరలోకి వచ్చింది. పెళ్ళికొడుకు తిరుషెన్, ఎస్ట్‌కోర్ట్‌లో బట్టల కొట్టున్నవాళ్ళ అబ్బాయి. వంక పెట్టడానికి లేని సంబంధం. ఆవేళ సరస్ తమ్ముడు సిరిల్ కారు డిక్కీలోంచి కొత్త పేము బుట్ట ఒకటి దింపి, వరండాలో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూచోబెట్టి మేనమామ మంటపానికి మోసుకురావడం వాళ్ళ ఇళ్ళలో ముత్తాతల నాటి ఆచారం. ఆ ముత్తాతలు తెలుగునాట ఓడ ఎక్కి, ఇక్కడి చెరుకుతోటల్లో కూలికి దిగినవాళ్ళు. వాళ్ళ భాష ఏనాడో పోయింది. ఇప్పుడు ఇంట్లో మాటలన్నీ ఇంగ్లీషే. తిట్లూ, దండాలూ, కూరలూ, వరసలూ మాత్రం తెలుగు. అన్నీ పోయినా బుట్ట మిగిలింది కదా అని సరస్‌కి అదంటే ప్రాణం.

"రావే, ఓసారి కూచో, ఎంత బరువున్నావో చూద్దాం!" అని నవ్వాడు సిరిల్.

కెరిషా వంటింట్లోకి వచ్చి, గిన్నెలు తోముతున్న తల్లి వెనక నిలబడింది. "అమ్మా, ఆ బుట్టలో నేను కూచోను. ఆ మనిషి నన్ను ముట్టుకోవడానికి వీల్లేదు," అంది.

"ఒక్క నిమిషం పనే కదే," అంది సరస్, వెనక్కి తిరక్కుండా.

కెరిషా అరవలేదు. పక్క ఊరు వెరులం లైబ్రరీలో పనిచేసే పిల్ల, గొంతు పెంచడం అలవాటు లేదు. లైబ్రరీ గోడమీద అంటించిన కాగితం చూసి ఫోన్ చేశానని చెప్పింది. ఇలాంటివి జరిగినవాళ్ళతో మాట్లాడటమే ప్రత్యేకంగా నేర్చుకున్నవాళ్ళు సిడెన్‌హామ్‌లో ఉన్నారట, శనివారం రమ్మన్నారట. తిరుషెన్‌కి కూడా అంతా చెప్పేసిందట, అతనే వెళ్ళమన్నాడట. "నువ్వు తోడొస్తావా?" అని అడిగింది.

తిరుషెన్‌కి చెప్పేసిందన్న మాట దగ్గరే సరస్ ఆగిపోయింది. తల కొట్టేసినట్టయింది. కాబోయే అల్లుడు! ఇంక వియ్యపురాలి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? పిల్ల అడిగింది తోడు, ఈవిడకి కనపడింది పరువు. "ముందు నేను వెళ్ళి చూసొస్తాను," అంది.

వరండాలో సిరిల్ రేడియో పెట్టాడు. ఆ రోజుల్లో రేడియోలో రోజూ అవే. తెల్లవాళ్ళ పాత ప్రభుత్వం చేతిలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు, ఆ ఘోరాల నిజం తేల్చడానికి వేసిన కమిషన్ ముందు కూచుని, జరిగిందంతా ఏడుస్తూ చెప్పేవాళ్ళు. సిరిల్ సౌండ్ పెంచాడు. "చెప్పాలక్కా! ఇలా నోరు విప్పి చెప్తేనే దేశం బాగుపడేది," అని కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. అలాంటివాళ్ళకి కన్నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో ఆ దేవుడికే తెలియాలి.

నీలం గేటు వెనక ఉన్నది మామూలు ఇల్లే. కిటికీలకి పువ్వుల తెరలు, ముందు గదిలో నాలుగు రకాల కుర్చీలు. మ్యూరియెల్ అనే ఆవిడ వచ్చి చెయ్యి కలిపి, సరస్‌ని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. సరస్ కంటే పెద్దది, ఆ పేటలోనే పుట్టి పెరిగిన కలర్డ్ మనిషి, అంటే తెల్లా నల్లా కలిసిన జాతి, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు. ఈవిడ తమవాళ్ళెవరికీ చుట్టం కాదు కదా అని సరస్ ప్రాణం కాస్త కుదుటపడింది.

"పేరు చెప్పాలనిపిస్తే చెప్పండి. లేకపోతే లేదు," అంది మ్యూరియెల్.

"కమలం," అంది సరస్. పక్కింటావిడ పేరే ఠక్కున నోటికొచ్చింది.

"ఎవరి విషయంగా వచ్చారు?"

మా అమ్మాయి అనాలి. అన్నావో, తల్లివి నువ్వేం చేశావన్నది తరవాతి ప్రశ్న. "నా విషయమే," అంది సరస్.

అబద్ధమాడాక ఎంతో తేలికపడింది. పైగా తనేదో త్యాగం చేస్తున్నట్టు కూడా అనిపించింది. పిల్లమీద పడే మచ్చ తనమీద వేసుకుంటోంది. ఇక్కడ ఇచ్చే సలహా ఏదో తనే వినేసి, ఇంటికి పట్టుకెళ్ళి పిల్లకి చెప్పేస్తుంది. పిల్ల ఈ గడప తొక్కనక్కర్లేదు, ఎవరి కంటా పడక్కర్లేదు. ఆవిడ తెలివికి మెచ్చుకోవాలి.

మేనమామ అని చెప్పింది. నాన్న పోయాక మాకు మగదిక్కుగా వచ్చి వెనక గదిలో ఉండేవాడని చెప్పింది. చెరుకు మిల్లులో పని, అమ్మ కుట్టుపనికి వెళ్ళిన సాయంత్రాలు ఇంట్లో అతనే ఉండేవాడు.

"ఏం చేశాడో చెప్పి తీరాలని లేదు," అంది మ్యూరియెల్. "మీకు చెప్పాలనిపిస్తేనే."

సరస్ చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి. ఏళ్ళ కిందట ఆవేళ కూతురు చెప్పబోతుంటే సగంలోనే ఆపేసింది.

"అప్పట్లో ఎవరితోనైనా అన్నారా?"

"మా అమ్మతో."

"ఆవిడేం చేసింది?"

సరస్ చేతిసంచీ పట్టీని మెలిపెడుతూ కూచుంది. తనమీద తనే సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని ఈ కుర్చీలో కూచునేటప్పుడు అనుకోలేదు.

"తప్పు, మామని అలా అనకూడదంది," అంది చివరికి. "తలంటు పోసింది. చిక్కు తీసి జడ వేసింది. తరవాత టీ పెట్టి, కప్పు నా చేతికిచ్చి, మామకి టీ ఇచ్చిరా అంది."

"అదే రోజా?"

"అదే సాయంత్రం. ఏమీ జరగనట్టు ఉంటే, ఏమీ జరగనట్టే అయిపోతుందని. మగదిక్కు లేని ఇల్లు, అతను కూడా వెళ్ళిపోతే ఎలాగని..." సరస్ సంచీ పట్టీ వేలికి చుట్టుకుంది. "మా అమ్మ అలా అనుకుంది."

మ్యూరియెల్ మొహంలో అసహ్యం కోసం వెతికింది సరస్. కనపడితే కోపం తెచ్చుకుని లేచి వచ్చేద్దును అనుకుంది. కనపడలేదు.

"కప్పు పట్టుకుని ఆ గది గుమ్మం దాకా వెళ్ళారు. అక్కడ మీరేం చేశారు?"

"నాకు తెలీదు."

"గుర్తు లేదా? ఫరవాలేదు, చాలామందికి..."

"గుర్తు లేకపోవడం కాదు. నాకు తెలీదు. నేను వంటింట్లో ఉన్నాను."

అనేసింది. అన్నాక గాని ఏమన్నదీ తెలియలేదు. మొహం కప్పుకోవడానికి కళ్ళద్దాలు కూడా చాలవనిపించి, తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ సిగ్గంటే నలుగురికీ తెలిసిపోవడమే అనుకుంది. ఇప్పుడు గదిలో ఉన్నది ఒక్క మనిషి, ఆ మనిషికి తన అసలు పేరైనా తెలీదు. అయినా సిగ్గుతో చచ్చిపోతోంది.

"మీ అమ్మాయికి ఇప్పుడు ఎంత వయసు?" అని మామూలు గొంతుతోనే అడిగింది మ్యూరియెల్.

"పెళ్ళి కుదిరింది," అంది సరస్. ఇంక ఆగలేదు. పెళ్ళీ, బుట్టా, సిరిల్ మొయ్యడమూ అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెప్పి, చేతులు పట్టుకున్నంత పని చేసింది. "మీరేదైనా చెప్పండి. నేను వెళ్ళి దానికి చెప్పుకుంటాను. ఆ బుట్ట ఒక్కటీ గడిచిపోతే చాలు."

"మీ చేతికిచ్చి పంపడానికి నా దగ్గరేమీ ఉండదు," అంది మ్యూరియెల్. "తనకేం కావాలో తను వచ్చి చెప్పుకోవాలి, రావాలనిపిస్తే. మీకోసం మీరూ రావచ్చు, వేరే రోజు. తను చెప్పింది మీకు చెప్పను, మీరు చెప్పింది తనకు చెప్పను." కాస్త ఆగి, "మీ ఇళ్ళలో బుట్ట ఎవరు మొయ్యాలన్నది ఎవరి చేతిలో ఉంటుంది?" అని అడిగింది.

"మేనమామే మొయ్యాలి. ఆచారం."

"ఆయన్ని పిలిచేది?"

సరస్ నేలవంక చూసింది. "నేను," అంది.

మ్యూరియెల్ లేచి తలుపు తీసింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి సిరిల్ వరండాలో పీట వేసుకుని బుట్టకి వార్నిష్ పూస్తున్నాడు. "ఎక్కడికెళ్ళావక్కా ఇంత ఎండలో? కాస్త టీ పెట్టు," అన్నాడు.

దారంతా ఎన్ని మాటలు కూడబలుక్కుందో! వాడి వీపు చూడగానే ఒక్కటీ నోటికి రాలేదు. వంటింట్లోకి వెళ్ళింది. చేతులు వాటంతటవే కెటిల్ పెట్టాయి, ఏలకులు దంచాయి, వాడికిష్టమని ఒక చెంచా పంచదార ఎక్కువ వేశాయి. ఆ చేతుల్ని చూస్తే సరస్‌కే రోత పుట్టింది.

పెరటి తలుపు తీసుకుని కెరిషా వచ్చింది, పనినుంచి.

"వెళ్ళొచ్చాను," అంది సరస్. ఇంకో అబద్ధానికి ఓపిక లేదు. "నీ విషయమని చెప్పలేదు. నాకే జరిగిందని చెప్పాను. నీ బదులు నేనే అంతా చెప్పాను."

కెరిషా మొహం పాలిపోయింది. "అది కూడా నువ్వే తీసేసుకున్నావా?" అంది. "నాకంటూ ఉన్నది ఆ ఒక్క మాటే. అదీ నన్ను చెప్పుకోనివ్వవా అమ్మా?"

సరస్ తల దించుకుంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఒకటి మాత్రం చెప్పలేకపోయాను," అంది. "ఆవేళ నేను టీ ఇచ్చి పంపినప్పుడు, గుమ్మం దగ్గర నువ్వేం చేశావే?"

కెరిషా తల్లివైపు చూస్తూ భుజాన సంచీ దింపింది. ఇంతలో వరండాలోంచి సిరిల్ కేక వేశాడు. "కెరిషా వచ్చిందా? టీ దానిచేత పంపించక్కా!"

కెరిషా కప్పు అందుకుంది. సాసర్‌లో పెట్టుకుని ముందు గది దాటి వీధి గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగింది. గడప దాటలేదు. తల్లికి వీపు పెట్టి అలాగే నిలబడింది.

వెళ్తోందేమో అనుకుంది సరస్ ముందు. తరవాత, భయపడి ఆగిందేమో అనుకుంది. అప్పుడు చూసింది. పిల్ల అటు సిరిల్ వైపు చూడటం లేదు. తల కొంచెం పక్కకి వంచి, చెవి వంటింటి వైపు పెట్టి నిలబడింది. ఎదురుచూస్తోంది. ఆవేళ కూడా ఇలాగే నిలబడిందన్నమాట, తడి జడతో. తను ఇక్కడ పిండి కలుపుకుంటూ, అటు చూడకూడదని చూడకుండా ఉండిపోయింది.

"కెరిషా," అంది. ఆ మాట వంటిల్లు దాటలేదు. మళ్ళీ పిలిచింది, వీధికి వినపడేలా. "కెరిషా! వద్దు, వెనక్కి వచ్చెయ్యమ్మా!"

సాసర్‌లో కప్పు గలగలలాడింది. కెరిషా ఇటు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "ఆవేళ టీ చల్లారిపోయేదాకా నిలబడ్డాను, ఈ పిలుపు కోసం," అంది. "తరవాత లోపలికి వెళ్ళాను."

సరస్ కప్పు తీసుకుని తొట్టిలో పారబోసింది. ఉత్త చేతులతో వరండాలోకి వెళ్ళింది.

"టీ ఏదీ?" అన్నాడు సిరిల్.

"ఈ ఇంట్లో నీకు టీ లేదు. ఆ బుట్ట పట్టుకుని వెళ్ళిపో. పెళ్ళికి రాకు."

సిరిల్ నవ్వబోయాడు. అక్క వెనక గుమ్మంలో నిలబడ్డ కెరిషాని చూసి నవ్వు మానేశాడు. "నెమ్మదిగా మాట్లాడక్కా, కమలం వింటుంది," అన్నాడు గొంతు తగ్గించి. "మేనమామ ఏడని నలుగురూ అడిగితే ఏం చెప్తావు?"

"నువ్వు చేసింది చెప్పాలా వద్దా అన్నది దాని ఇష్టం. అది నా మాట కాదు," అంది సరస్, ఏమాత్రం గొంతు తగ్గించకుండా. "నేను చేసింది నేను చెప్తాను. నా చేతులతో టీ కలిపి, దాన్ని నీ గదికి పంపింది నేనేనని చెప్తాను."

గోడకవతల కమలం ఇంటి కుళాయి చప్పుడు ఆగిపోయింది. సరస్ ఆ గోడవైపు చూసింది గాని, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

సిరిల్ కారు వెళ్ళిపోయాక లోపలికి వచ్చింది. కెరిషా ఆ కప్పు కడిగి బోర్లిస్తోంది. కూతురి మొహంలోకి చూడటానికి సరస్‌కి ధైర్యం చాలలేదు. కాళ్ళవైపు చూస్తూనే అడిగింది. "శనివారం నేను రానా?"

కెరిషా చేతులు తుడుచుకుంది. తువ్వాలు మడిచి పక్కన పెట్టింది.

"లోపలికి వద్దు," అంది చివరికి. "బయట కూచో. నేను పిలిస్తే వినపడేంత దగ్గర్లో కూచో."